పాత సీసా మీద ‘సబ్‌క్లోరైడ్’ అని ఉంటే

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. కాలేజీ ల్యాబ్‌లో పాత రసాయనాల బీరువా సర్దే పని నీకు అప్పజెప్పారని తెలిసింది. సబ్‌క్లోరైడ్, పర్‌క్లోరైడ్ అని రాసిన సీసాలు కనబడితే తొందరపడకు. ఒకే లోహానికి రెండు క్లోరైడ్లు ఉన్నప్పుడు, క్లోరిన్ తక్కువగా ఉన్నదాన్ని సబ్‌క్లోరైడ్ అనీ, ఎక్కువగా ఉన్నదాన్ని పర్‌క్లోరైడ్ అనీ అనేవాళ్లు. రాగి సబ్‌క్లోరైడ్ అంటే ఇప్పటి క్యూప్రస్ క్లోరైడ్. తెల్లగా ఉండాలి, గాలి తగిలితే ఆకుపచ్చగా మారుతుంది. దాన్ని గుర్తుపట్టడం తేలికే.

అసలు భయం పాదరసం సీసాల దగ్గరే. పాదరసం సబ్‌క్లోరైడ్ అంటే కేలమెల్. అందులో క్లోరిన్ 15 శాతం, నీళ్లలో దాదాపు కరగదు. ఒకప్పుడు విరేచనం అవడానికి మందుగా వాడేవాళ్లు. పర్‌క్లోరైడ్ అంటే కరోసివ్ సబ్లిమేట్. అందులో క్లోరిన్ 26 శాతం, 100 మిల్లీలీటర్ల నీళ్లలో 7 గ్రాముల దాకా కరుగుతుంది. ఒకటి రెండు గ్రాములు కడుపులోకి పోయినా ప్రాణానికే ముప్పు. రెండూ తెల్లగా, బరువుగా ఉంటాయి. చూపుతో తేల్చలేవు.

చీటీ మీద ఉత్త ‘పాదరసం క్లోరైడ్’ అని ఉంటే మరీ జాగ్రత్త. పాతకాలంలో పాదరసం పరమాణు భారాన్ని కొందరు 100 అని, కొందరు 200 అని లెక్కగట్టారు. ఆ లెక్కను బట్టి ఫార్ములా మారేది, ఒక పాదరసానికి ఒక క్లోరిన్ అని తేలినదాన్నే ‘క్లోరైడ్’ అనేవాళ్లు. అందుకే ఒక పుస్తకంలో ఆ పేరు కేలమెల్‌ది, మరో పుస్తకంలో సబ్లిమేట్‌ది. అలాంటి చీటీని నమ్మకు, పరీక్ష చెయ్యి.

గ్లవ్స్ వేసుకుని, ఫ్యూమ్ కప్‌బోర్డులో (ఆవిర్లను బయటికి లాగేసే ల్యాబ్ అరలో) బియ్యపు గింజంత పొడి తీసుకో. 5 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో రెండు నిమిషాలు కలిపి, తేటగా వచ్చేదాకా వడకట్టు. ఆ తేటలో 5 శాతం పొటాషియం అయొడైడ్ ఒక్క చుక్క వెయ్యి. సబ్లిమేట్ ఉంటే ముందు పసుపు తళుక్కుమని, వెంటనే సిందూరంలా ఎర్రబడుతుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పాదరసం ఎక్కువగా ఉంటే, కుదిపినప్పుడు మొదటి చుక్క ఎరుపు కరిగిపోవచ్చు. ఇంకో చుక్క వెయ్యి. అయొడైడ్ మరీ ఎక్కువైనా ఎరుపంతా కరిగి నీళ్లలా తేటపడుతుంది, ఏమీ లేదని పొరపడతావు. అందుకే చుక్క చుక్కకీ ఆగి చూడు.

వడపోత కాగితం మీద మిగిలిన దాని మీద రెండు చుక్కల డైల్యూట్ అమ్మోనియా వెయ్యి. నల్లబడితే కేలమెల్. కానీ నలుపు చూసి నిశ్చింతగా ఉండకు. వెలుతురు తగిలిన కేలమెల్ మెల్లగా విడిపోయి పాదరసమూ సబ్లిమేటూ అవుతుంది, పొడి బూడిదరంగుకు తిరుగుతుంది. తేటలో ఎరుపు, కాగితం మీద నలుపు రెండూ వస్తే ఆ సీసాను సబ్లిమేట్ కిందే లెక్కపెట్టు.

మూత బిగుసుకుపోతే కొట్టకు, వేడి చెయ్యకు. ‘పరీక్షించని పాదరసం లవణం’ అని చీటీ అంటించి తాళం వేసిన అరలో పెట్టు. పరీక్ష నీళ్లు సింకులో పొయ్యకు. అయొడైడ్ కలిపినవి ఒక సీసాలో, అమ్మోనియా తగిలిన కాగితాలు వేరే డబ్బాలో వేసి మూతపెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకే అప్పగించు. పాత చీటీలు పీకెయ్యకు. పక్కనే కొత్త పేరు, పరీక్ష తేదీ, తేటకు వచ్చిన రంగు, కాగితం మీది రంగు రాసి అంటించు.

ఇట్లు,
నీ అన్నయ్య