సరస్సు అడుగు మట్టిలో చేపల పాత జాడలు

ప్రశ్న: పూర్వపు వాతావరణ మార్పులు మంచినీటి చేపలను ఎలా ప్రభావితం చేశాయో ప్రాచీన డీఎన్ఏ ద్వారా తెలుసుకోవచ్చని చదివాను. అది అంతకాలం ఎలా నిలుస్తుంది? దానినిబట్టి వాతావరణాన్ని ఎలా చెప్పగలరు?

జవాబు: ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. డీఎన్ఏ వాతావరణం గురించి నేరుగా ఏమీ చెప్పదు. ఏ చేప ఉండేదో, దాని జన్యువులు ఎలా మారాయో మాత్రమే చెబుతుంది. ఆనాటి వేడి, చలి సంగతి అదే మట్టిపొరలోని పుప్పొడి, డయాటమ్ అనే సూక్ష్మ నాచు పెంకులు చెబుతాయి. ఈ రెండు సాక్ష్యాలను ఒకే కాలానికి సరిపోల్చడంలోనే అసలు శ్రమ ఉంది.

చేపల నుంచి నీటిలోకి చేరే డీఎన్ఏ చాలావరకు త్వరగా నశిస్తుంది. బంకమట్టి రేణువులకు అంటుకుని అడుగుకు చేరిన కొద్దిపాటి భాగం చల్లదనం, ఆక్సిజన్ లేమి తోడైతే వేల ఏళ్లు నిలుస్తుంది. అయితే దొరికేవి చిన్న తునకలే. వాటి కొసల్లో, డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన సైటోసిన్ దెబ్బతిని మరో అక్షరమైన థైమిన్‌గా కనిపిస్తుంది. విచిత్రమేమిటంటే, ఆ డీఎన్ఏ నిజంగా పాతదేనని నమ్మడానికి, కాలం గడిచేకొద్దీ పేరుకునే ఈ దెబ్బే ఆధారం.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న ఉదాహరణ నార్వేలోనిది. మంచుయుగం చివర హిమఫలకాలు కరిగి బరువు తగ్గడంతో నేల పైకి లేచింది, సముద్రపు పాయలు కొన్ని తెగిపోయి సరస్సులయ్యాయి. ఉప్పునీరు మంచినీరుగా మారిన సరిగ్గా ఆ పొరలో దొరికిన, 11,000 నుంచి 13,000 ఏళ్ల నాటి, వీపున ముళ్లుండే రెండు చిన్న స్టికిల్‌బ్యాక్ చేపల ఎముకల నుంచి జన్యుక్రమాన్ని కొంతమేర చదవగలిగారు. 2021లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం వాటి వారసత్వం నేటి సముద్రపు పాయల్లోని చేపలతో కలుస్తోంది. సరస్సుల్లో చిక్కుకుపోయిన వాటి సంతతి మాత్రం పూర్వీకుల జన్యు వైవిధ్యంలో చాలా భాగాన్ని పోగొట్టుకుంది. కొత్త నీటికి అలవాటుపడి బతికిన చేప కూడా ఎంత మూల్యం చెల్లించిందో ఇక్కడ కనిపిస్తుంది. నీళ్లు మళ్లీ వేడెక్కుతున్న ఈ కాలంలో దీనిని తేలికగా తీసుకోకూడదు.

ప్రతి మార్పునూ వాతావరణానికే అంటగట్టడం కూడా తగదు. స్వీడన్‌లోని రెండు సరస్సుల మట్టిని పరిశీలించగా, ఒకదానిలో వైట్‌ఫిష్ జాడ మంచు తొలగిన కాలం నుంచే, అంటే సుమారు 10,000 ఏళ్లుగా ఉంది. రెండోదానిలో అది సుమారు 2,200 ఏళ్ల నాటి పొరలో మొదలవుతుంది. అంత ఆలస్యంగా వచ్చిన చేపను మనుషులే తెచ్చి వదిలి ఉండవచ్చు. పైగా ఒక పొరలో డీఎన్ఏ దొరకనంత మాత్రాన అక్కడ చేప లేదని తేల్చలేము, అది నిలవకపోయి ఉండవచ్చు.