ముందు పటం గీయండి, తర్వాత బాధపడదాం

ప్రశ్న: వైకుంఠపాళి తరహాలో పిల్లలకు కృష్ణానది ఆట ఒకటి తయారు చేయాలని నాకు చాలా ఏళ్లుగా ఉంది. శ్రీశైలంలో బయల్దేరి సాగర్, అమరావతి, ప్రకాశం బ్యారేజీ మీదుగా ముందుగా హంసలదీవి చేరినవాళ్లే గెలిచినట్టు. మా అక్కలకూ, తోటి టీచర్లకూ చెబితే అందరూ బాగుందన్నారు. మొన్న ఒక ఎగ్జిబిషన్‌లో గోదావరి మీద అచ్చం ఇలాంటి ఆటే అమ్ముతున్నారు. ఒకటే టెన్షన్. నా ఆలోచన ఎవరైనా కొట్టేశారా? ఇక నేను చేస్తే కాపీ అనరా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఎవరూ కొట్టేసి ఉండరమ్మా. వైకుంఠపాళి అందరి ఇళ్లలోనూ ఆడిందే, నదులు అందరివీ. రెండూ కలపాలని ఇద్దరికి తోచడంలో వింతేముంది? టెలిఫోన్ కాగితాలు గ్రాహం బెల్ తరఫునా, ఎలీషా గ్రే తరఫునా అమెరికా పేటెంట్ ఆఫీసుకు ఒకే రోజు చేరాయి, 1876 ఫిబ్రవరి 14న. డార్విన్ కథ మీకు ఇంకా దగ్గర. జీవపరిణామం మీద తన సిద్ధాంతాన్ని 1844లోనే వ్యాసంగా రాసి పక్కన పెట్టుకున్నాడు. 1858లో వాలెస్ అనే మరో శాస్త్రవేత్త దగ్గర్నుంచి అదే సిద్ధాంతం ఉత్తరంలో వచ్చింది. రాసిన కాగితాలు ఉండబట్టి ఇద్దరి పేరుతోనూ లండన్‌లో చదివించారు. మరుసటి ఏడాది డార్విన్ పుస్తకం తెచ్చేశాడు.

మీ దగ్గర ఏ కాగితం ఉందో ఉత్తరంలో రాయలేదు. పటం గీశారా? గళ్లెన్ని? పాముల బదులు ఏం పెట్టారు, వరదలా, మొసళ్లా?

నేను గవర్నర్‌పేటలో ప్రెస్సు నడిపేటప్పుడు కొందరు రచయితలు ఎవరికీ చూపించనని ఒట్టు వేయించుకుని రాతప్రతి ఇచ్చేవారు. మా కంపోజిటర్ తప్ప ఎవరూ చదివిన పాపాన పోలేదు. (కొన్నవాళ్లతో సహా.)

ఇక చట్టం. కాపీరైట్ ఆలోచనకు ఉండదు, దాన్ని మీరు గీసిన, రాసిన తీరుకు ఉంటుంది. తన నాటకాన్నే సినిమాగా తీశారని ఆర్.జి. ఆనంద్ వేసిన దావాలో 1978లో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. కాబట్టి గోదావరి వాళ్లు మిమ్మల్ని ఆపలేరు, మీరు వాళ్లనీ ఆపలేరు. వాళ్ల బొమ్మలు, పేరు, నియమాలు రాసిన వాక్యాలు మాత్రం ముట్టుకోకండి. మీ పటానికి గీసినప్పటి నుంచే కాపీరైట్ మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఒక్క మెలిక ఉంది. కొండపల్లిలో పొణికి కర్రతో పడవల్లాంటి పావులు చేయించి, ఆ ఆకారాన్ని డిజైన్‌గా రిజిస్టర్ చేయించాలనుకుంటే దరఖాస్తు ముందు వెళ్లాలి. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేశాక వెళ్తే కొత్తది కాదనేస్తారు.

అక్కలకు చెప్పడం కొన్నాళ్లు ఆపండి. వాళ్లు బాగుందన్న ప్రతిసారీ పని సగం అయిపోయినట్టు అనిపిస్తుంది. ఈ ఆదివారం డ్రాయింగ్ షీటు మీద పెన్సిల్‌తో గీసి, గవ్వలతో మీ బడి పిల్లలను ఆడించండి. సాగర్ నుంచి అమరావతి దాకా ఆట మరీ సాగదీసినట్టు ఉంటుందని నా అనుమానం, మధ్యలో పులిచింతల పెట్టి చూడండి. పిల్లలు ఎక్కడ గొడవపడతారో అక్కడ నియమం సరిగ్గా రాయలేదన్నమాట. తొలివిడత కొద్ది కాపీలే కాబట్టి డిజిటల్ ప్రింటింగ్ చాలు, ఆఫ్‌సెట్‌కు వెళ్తే ప్లేట్ల ఖర్చు మీద పడుతుంది. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో పిల్లల పుస్తకాల స్టాలు వాళ్లను అడిగితే ఓ మూల ఇస్తారు.

అన్నట్టు, ఆ గోదావరి ఆట ఒకటి కొనుక్కోండి. గళ్లు ఎంత పెద్దవి వేశారో, పెట్టె ఏ అట్టతో చేశారో, ధర ఎంత పెట్టారో మీకు ఊరికే తెలిసిపోతుంది.