ఆ అల్లికల పుస్తకం కొనవచ్చా?

అట్ట మీది స్వెట్టర్‌పై మనసు పడ్డారు, లోపల ముప్పై నమూనాలున్నాయి, కొనాలా వద్దా అని అడిగారు. ముప్పై అన్న అంకెను పక్కన పెట్టండి. నిజంగా అల్లాలనిపించేవి మూడు నాలుగు కనబడితే పుస్తకం గిట్టినట్టే.

ముందు ఏదో ఒక స్వెట్టర్ నమూనా తెరిచి, కొలతల బొమ్మ ఉందో లేదో చూడండి. చేతి పొడవు, చంక లోతు అంకెలతో సహా గీసి ఉండాలి. ఛాతీ కొలత మనిషిదా, అల్లిన స్వెట్టర్‌దా అన్నది చెప్పని పుస్తకాన్ని నేనైతే అక్కడే మూసేస్తాను. 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లో ప్రతి నమూనాకూ ఇవ్వాలి. 22 కుట్ల లెక్కన 220 కుట్ల చుట్టు 100 సెంటీమీటర్లు వస్తుంది. మీ చేయి వదులై 20 కుట్లే పడితే అదే 110 అవుతుంది!

ఊలు కంపెనీ పేరొక్కటే రాస్తే, ఆ రకం దొరకని రోజున ఇబ్బంది. ఉండ బరువు, మీటర్లు కూడా ఇస్తే బదులు ఊలు వెతుక్కోవచ్చు. ఫొటోల్లో మోడల్ ఎప్పుడూ చేతులు కట్టుకునో, జుట్టు ముందుకు వేసుకునో ఉంటే, కుదరని భుజాన్ని దాచారేమోనని నాకు అనుమానం.

ప్రచురణకర్తల సైటులో తప్పొప్పుల పట్టిక కూడా చూడండి. అది ఉండడం లోపం కాదు, సరిదిద్దేవాళ్లు ఉన్నారన్నమాట.