పడ్డది ఒకడు, పైకెక్కలేకపోతున్నది ఇంకొకడు

ప్రశ్న: మేడం గారూ, నేను సెంట్రింగ్ మేస్త్రిని. మాది శ్రీకాకుళం జిల్లా, విజయవాడ వచ్చి 15 ఏళ్లయింది. ఇప్పుడు కానూరులో ఒక అపార్ట్‌మెంట్ పని చేస్తున్నాం. నెలన్నర కిందట మా కుర్రాడొకడు రెండో అంతస్తు నుంచి పడిపోయాడు. ప్రాణం దక్కింది గానీ తుంటి విరిగింది, ఊరికి పంపించేశాం. అప్పుడు వాడితో కలిసి చెక్క రెండో చివర పట్టుకున్న కుర్రాడికి 22 ఏళ్లు. వాడు ఆ రోజు నుంచి మనిషిలో మనిషిగా లేడు. పైకి ఎక్కమంటే కాళ్లు వణుకుతున్నాయంటాడు, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తాడు, ముద్ద మింగడు. నా దగ్గర 20 వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. కాంట్రాక్టరేమో పంపించెయ్యమంటున్నాడు. తోటివాళ్లు ఒక క్వార్టర్ తాగిస్తే అదే పోతుందంటున్నారు, టెన్షన్లన్నీ డబ్బున్నవాళ్లకేగానీ మనకెందుకని నవ్వుతున్నారు. నాకూ నిద్ర సరిగా పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక మేస్త్రి, విజయవాడ

జవాబు: మేస్త్రి గారూ, ముందుగా చెప్పేది, వాణ్ని ఒంటరిగా రైలెక్కించి పంపకండి. నెత్తిన అప్పు, మనసులో ఆ భయం, ఊళ్లో నలుగురి ప్రశ్నలు, ఈ మూడూ ఒకేసారి మీద పడితే తట్టుకోలేడు.

కాళ్లు వణకడం బద్ధకమూ కాదు, పిరికితనమూ కాదు. కళ్లముందు మనిషి పడిపోతే ఒళ్లు అంత త్వరగా మర్చిపోదు. అంత ఎత్తు మళ్లీ కనపడగానే అదే జరగబోతోందన్నట్టు గుండె దడదడలాడుతుంది, రాత్రి కలలో అదే తిరిగొస్తుంది. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. నెల దాటినా తగ్గలేదంటే డాక్టరుకు చూపించాల్సిందే, మీవాడికి నెలన్నర అయింది.

చెక్క రెండో చివర వాడి చేతుల్లోనే ఉందని రాశారు చూడండి, అక్కడ ఆగిపోయాను. దాని గురించి వాణ్ని ఎవరైనా అడిగారా? ‘నేను గట్టిగా పట్టుకుని ఉంటే వాడు పడేవాడు కాదు’ అని లోపల్లోపల కుమిలిపోతున్నాడేమో. కింద ఆనించిన పోటు కర్ర జారిందా, బెల్టు లేదా, ఏం జరిగిందో మీకు తెలుసు. అది వాడికి విడమరిచి చెప్పండి, నీ తప్పు లేదురా అని నలుగురి ముందూ ఒకసారి అనండి. ఊళ్లో ఉన్న ఆ కుర్రాడికి ఫోన్ కలిపి ఇద్దరితో మాట్లాడించండి. ఎలా ఉన్నాడో తెలియకపోవడమే వాణ్ని సగం తినేస్తూ ఉండొచ్చు.

మీరు మాట్లాడేది మాత్రం సైట్లో అందరి మధ్యా వద్దు. సాయంత్రం స్నానాలయ్యాక టీ కొట్టు దాకా తీసుకెళ్లండి, ‘ఏమైందిరా’ అని అడిగి ఊరుకోండి, వాడు చెప్పేదాకా ఆగండి. బతకాలని లేదా, చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు గానీ అలా జరగదు, అడిగినవాళ్లుంటే మనిషికి ఊపిరాడుతుంది. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకుండా పక్కనే పడుకోండి, 14416కి ఫోన్ చెయ్యండి. అది 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక సాయం నంబరు. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

పని ఆపించొద్దు. చెక్కల్లో మేకులు పీకడం, రాడ్ కొయ్యడం, క్యూరింగ్ నీళ్లు పెట్టడం, కిందే ఎన్ని పనుల్లేవు! వారం బట్వాడాలో మాత్రం కోత పెట్టకండి, అడ్వాన్సు సంగతి తర్వాత చూద్దాంలే అని మీ నోటితో చెప్పండి. చేతిలో పని లేకపోవడం, మీద అప్పు ఉండటం మనిషిని ఎక్కడిదాకా తీసుకెళ్తాయో 2019లో ఇసుక దొరక్క పనులాగినప్పుడు గుంటూరు జిల్లాలో భవన కార్మికుల ఇళ్లల్లో చూశాం.

క్వార్టర్ మాట చెప్పినవాళ్లది చెడు ఉద్దేశం కాదు, వాళ్లకి తెలిసిన మందు అదొక్కటే. తాగితే కన్ను మూతపడుతుంది గానీ తెల్లారుజామున మెలకువ వచ్చేస్తుంది, దిగులు ఇంకా పెరుగుతుంది, ఆ మత్తు పూర్తిగా దిగకుండా పరంజా ఎక్కితే రెండో ప్రమాదం. టెన్షన్ డబ్బున్నవాళ్ల జబ్బు అన్నవాళ్లకి ఒక్క లెక్క చెప్పండి. 2021లో మన దేశంలో 42,004 మంది రోజు కూలీలు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ ఏడాది అలా పోయిన ప్రతి నలుగురిలో ఒకరికి పైనే కూలీ. ఇది జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క.

విజయవాడ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, గుంటూరు జనరల్ ఆసుపత్రిలోనూ ఉంది. ఒక పూట కూలి పోయినా పొద్దున్నే ఓపీకి మీరే వెంట వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రిలో మనసుకి వైద్యం పొందే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వాడికి ఉంది, ఎవరి దయా కాదు. ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు భవన కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు. మీ ముఠాలో ఎంతమందికి కార్డులున్నాయో చూడండి, లేనివాళ్లకి ఈ నెల్లోనే చేయించండి.

ఇంకో సంగతి, పైన పని జరిగేచోట ఇప్పటికైనా బెల్టులు, వల పెట్టించారా? పెట్టించకపోతే వాడి భయం నిజమైన భయమే, దాన్ని ఏ మందుబిళ్లా పోగొట్టలేదు. కాంట్రాక్టరుతో ఈ మాట గట్టిగా అనాల్సింది మీరే.

మీకూ నిద్ర పట్టడం లేదని చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు. వాడి కోసం 14416కి ఫోన్ చేసినప్పుడు పెట్టెయ్యకుండా మీ సంగతి కూడా చెప్పండి.