క్రీ.శ. 393 ఒలింపియాడ్ లెక్కలో 292.25 ఎందుకు వస్తోంది?

క్రీ.శ. 393లో వచ్చింది ఎన్నో ఒలింపియాడ్ (నాలుగేళ్లకోసారి జరిగే ఒలింపిక్ పోటీల విడత) అని లెక్కేస్తే 292.25 వచ్చిందని, పుస్తకంలో మాత్రం 293 ఉందని అడిగారు. లేని సున్నా సంవత్సరం మీ లెక్కలో చేరిపోయింది. మొదటి పోటీలు జరిగిన క్రీ.పూ. 776ని 393తో కలిపి నేరుగా 4తో భాగించారు, అందుకే 292.25 వచ్చింది.

1. 776 + 393 = 1169. ఇందులోంచి 1 తీసేయండి. చాలామంది వదిలేసేది ఇక్కడే. క్రీ.పూ. 1 అయిన వెంటనే క్రీ.శ. 1 వస్తుంది, మధ్యలో సున్నా లేదు. నమ్మకం కుదరకపోతే 194వ ఒలింపియాడ్ తీసుకోండి, అది క్రీ.పూ. 4లో. అక్కణ్నుంచి వేళ్ల మీద లెక్కపెట్టండి: క్రీ.పూ. 3, 2, 1, తర్వాత క్రీ.శ. 1. నాలుగేళ్లు అయిపోయాయి. 195వది క్రీ.శ. 1లోనే పడింది.

2. 1168 ÷ 4 = 292.

3. దానికి 1 కలపండి, క్రీ.పూ. 776 నాటిది మొదటిది కాబట్టి. 293. పుస్తకంలో ఉన్నది సరైనదే.

ఇప్పటి ఒలింపిక్స్‌కి ఆ 1 తీసివేత అక్కర్లేదు: (2024 − 1896) ÷ 4 + 1 = 33. మీరు పంపిన ఒలింపిక్స్ టేబుల్లో పారిస్‌ని 30వదని రాశారు. 1916, 1940, 1944లో పోటీలు జరగలేదు కానీ వాటి నంబర్లు అలాగే ఉంటాయి, ఆ మూడు వరసలూ తిరిగి పెట్టండి. శీతాకాల ఒలింపిక్స్‌కి మాత్రం జరిగినవే లెక్క.

క్రీ.శ. 67 దగ్గర మళ్లీ భిన్నం వస్తుంది, టెన్షన్ పడకండి. నీరో చక్రవర్తి కోసం 65 నాటి పోటీలను 67కి వాయిదా వేశారు. 65 వేసి చూడండి, 211 వస్తుంది. 2021లో జరిగిన టోక్యో పోటీలకూ ఇంతే, 2020 వేయాలి.