పర్పుల్ ప్రెయిరీ క్లోవర్ పూయకపోతే

అమెరికాలోని మిన్నెసోటాలో పోయిన వసంతంలో విత్తిన పర్పుల్ ప్రెయిరీ క్లోవర్ (అక్కడి గడ్డిమైదానాల్లో ఊదా పూలు పూసే మొక్క) జానెడు కూడా ఎదగలేదు, ఒక్క పువ్వూ లేదు, ఎరువు వేయాలా అని అడిగారు. దయచేసి వేయకండి. మీ మొక్కకు జబ్బేమీ లేదు. మొదటి ఏడాది ఇది బలమంతా తల్లివేరుకే పెడుతుంది. ఆ వేరు ముదిరితే ఐదారు అడుగుల లోతుకు దిగుతుంది, ఎండాకాలం తట్టుకునేది దానివల్లే. పువ్వులు సాధారణంగా రెండో ఏడాదో, మూడో ఏడాదో వస్తాయి. అందుకే ఇప్పుడు తవ్వి వేరే చోట నాటడం మాత్రం వద్దు, వేరు తెగితే కోలుకోవడం కష్టం.

ఇది చిక్కుడు కుటుంబం మొక్క, నత్రజని తానే సమకూర్చుకుంటుంది. ఎరువు వేస్తే పక్కనున్న కలుపే బలుస్తుంది, దాని నీడలో ఇది నలిగిపోతుంది. కలుపు తీయండి, పూర్తి ఎండ తగలనివ్వండి, నీళ్లు నిలవనివ్వకండి. కుందేళ్లకు ఈ లేత ఆకులంటే ప్రాణం, చుట్టూ సన్న కంతల జాలీ కట్టండి.

ఖాళీల్లో మళ్లీ విత్తేటప్పుడు గింజల్ని శాండ్ పేపర్‌తో మెల్లగా రుద్ది, మన కంది రైతులు చేసినట్టే రైజోబియం (వేళ్లలో చేరి మొక్కకు నత్రజని అందించే బ్యాక్టీరియా) పట్టించండి. ఆ బ్యాక్టీరియా కల్చర్ మాత్రం డేలియా (Dalea, ఈ క్లోవర్ చెందిన జాతి) మొక్కలకు సరిపడేదే అడిగి కొనండి.