టెక్ సందేహాలు: ఆ బొమ్మలో వైరు ఎక్కడుంది?

ఈసారి వచ్చిన సందేహాల్లో చాలావరకు దుకాణంలో దొరికే వస్తువుల గురించి కాదు, ఫోన్‌లో కనిపించిన ‘రేపటి ఇల్లు’ వీడియోల గురించి. తలుపు లేని ఫ్రిజ్, అవతలివైపు కనిపించే టీవీ, స్విచ్‌లు లేని గోడ. ఇలాంటి కాన్సెప్ట్ డిజైన్లంటే నాకు చాలా ఇష్టం. అందుకే వాటిని చూసి మీరు డబ్బు పోగొట్టుకున్నా, కొనాల్సింది కొనకుండా ఆగిపోయినా నాకు బాధగా ఉంటుంది. ఉత్తరాలన్నీ బెంగళూరు నుంచే వచ్చాయి కాబట్టి ఇక్కడి నీళ్లు, ఇక్కడి ఇళ్లు దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను.

తలుపే లేని ఫ్రిజ్ వీడియో చూశాం. పచ్చటి జెల్లీలోకి కూరగాయలు, సీసాలు తోసేస్తే అదే చల్లబరుస్తుందట. మా ఫ్రిజ్ కొని 14 ఏళ్లయింది, మాటిమాటికీ రిపేరుకొస్తోంది. ‘రెండేళ్లు ఆగు, అదే కొందాం’ అంటున్నారు మావారు. ఆగమంటారా?
– ఒక గృహిణి, మారతహళ్లి

ఆగకండమ్మా. మీరు చూసిన వీడియో కొత్తదేమో గానీ ఆ ఊహ 2010 నాటిది. ఎలక్ట్రోలక్స్ కంపెనీ డిజైన్ విద్యార్థులకు ఏటా పెట్టిన పోటీకి రష్యాకు చెందిన యూరి దిమిత్రియెవ్ ఆ ఏడాది పంపిన బొమ్మ అది. పేరు బయో రోబోట్ రిఫ్రిజిరేటర్.

ఒకసారి వంటింట్లోకి వెళ్లి మీ ఫ్రిజ్ పక్కభాగానికి అరచేయి ఆనించండి. గోరువెచ్చగా తగులుతుంది. వెనక నల్లటి తీగల జాలీ ఉన్న మోడల్ అయితే అక్కడ ఇంకా బాగా తెలుస్తుంది. ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదు. బావిలోంచి నీళ్లు తోడినట్టు లోపలి వేడిని తోడి బయట పారబోస్తుంది. తోడడానికి కంప్రెసర్ కావాలి, కరెంటు కావాలి. పారబోయడానికి చోటు కావాలి. ఆ జెల్లీ బొమ్మలో కంప్రెసర్ లేదు, జాలీ లేదు. వేడిని వెలుగుగా మార్చి పంపేస్తుందని ఊహించారు. ఇంటి ఫ్రిజ్‌కి సరిపడా వేడిని అలా తోడగల జెల్లీ ఏదీ ఇంతవరకు దుకాణానికి రాలేదు.

అయినా ఆ డిజైనర్ పట్టుకున్న ఇబ్బంది మాత్రం నిజం. తలుపు తీసిన ప్రతిసారీ చల్లగాలి కిందికి జారిపోతుంది, వెనక వరసలో పెట్టిన పప్పుగిన్నె మూడో రోజుకు గానీ గుర్తుకు రాదు. దీనికి ఈ రోజే చేయగలిగింది కొంత ఉంది. తలుపు రబ్బరు మధ్య ఒక పది రూపాయల నోటు పెట్టి తలుపు మూసి లాగండి. పట్టు లేకుండా జారి వచ్చేస్తే రబ్బరు పోయినట్టే. కొత్తది కొనేటప్పుడు స్టార్లు లెక్కపెట్టి ఊరుకోకుండా బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ) లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లని అచ్చేశారో ఆ అంకె చూడండి. ప్రమాణాలను ఎప్పటికప్పుడు కఠినం చేస్తూ వచ్చారు కాబట్టి అప్పటి 5 స్టార్లు, ఇప్పటి 5 స్టార్లు ఒకటి కావు. ఏది కొన్నా గోడకు ఆనించి పెట్టొద్దు. వేడి పోవడానికి వెనక, పక్కల కాస్త ఎడం వదలండి.

అద్దంలా అవతలివైపు కనిపించే టీవీ నిజంగా ఉందా, అది కూడా గ్రాఫిక్సేనా? హాలుకీ డైనింగ్‌కీ మధ్య పార్టిషన్‌లా పెట్టుకోవాలని ఉంది.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వైట్‌ఫీల్డ్

ఉంది. ఎల్‌జీ 2024 జనవరిలో లాస్ వేగాస్‌లో జరిగిన సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో 77 అంగుళాలది చూపించింది, ఆ ఏడాది చివర్లో అమెరికాలో అమ్మకానికీ పెట్టింది. అప్పటి ధర దాదాపు 60,000 డాలర్లు. అది ఓఎల్ఈడీ, అంటే ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే తెర. అందులో నలుపు అంటే ఆ చోట వెలుగు ఆరిపోవడమే. తెర పారదర్శకమైతే వెలుగు ఆరిన చోట నలుపుకు బదులు మీ డైనింగ్ టేబుల్ కనిపిస్తుంది. అందుకే సినిమా చూడాలనుకున్నప్పుడు దాని వెనక ఒక నల్ల తెర కింది నుంచి పైకి లేస్తుంది. అప్పుడది మామూలు టీవీయే. పార్టిషన్ కావాలంటే చెక్క జాలీ పెట్టించుకోండి, టీవీని గోడకే ఉండనివ్వండి.

ఇద్దరం ఉద్యోగస్తులం. బట్టలు మడతపెట్టే యంత్రం ఎప్పుడొస్తుంది?
– ఒక పాఠకురాలు, బెళ్లందూరు

జపాన్‌లో సెవెన్ డ్రీమర్స్ అనే కంపెనీ లాండ్రాయిడ్ పేరుతో 2015లో ఒకటి చూపించింది. బీరువా అంత యంత్రం. ఒక్క టీషర్టు మడతకు నిమిషాలు పట్టేది. 2019 ఏప్రిల్‌లో ఆ కంపెనీ దివాలా తీసింది. మీ అపార్ట్‌మెంట్ కింద ఇస్త్రీ బండి ఉంటే రెండు నిమిషాలు నిలబడి చూడండి. కుప్పలోంచి చొక్కా లాగి ఒక్క విదిలింపు, కాలర్ ఎక్కడుందో చేతికే తెలుస్తుంది, చేతులు వెనక్కి పోతాయి, మడత పడిపోతుంది. బట్టకంటూ ఒక ఆకారం ఉండదు, పట్టుకున్న ప్రతిసారీ కొత్తగా వేలాడుతుంది. యంత్రానికి కష్టమైనది అదే. ప్రయోగశాలల్లో రోబోలు నేర్చుకుంటున్నాయి గానీ, ఈ ఏడాది బట్టలు ఈ ఏడాదే మడతపెట్టాలి కదా. ఇద్దరూ పంచుకోండి.

నేను డిజైన్ కోర్సు చదువుతున్నాను. ఫైనల్ ప్రాజెక్టుకి 2050 నాటి వంటింటి వస్తువు ఊహించి గీయాలి. ‘ముందు కరెంటు లెక్క చూపించు’ అంటారు మా గైడ్. ఊహకు లెక్కలు అడ్డం పెడితే ఎలా సార్?
– ఒక విద్యార్థి, యలహంక

పైన చెప్పిన 2010 పోటీలోనే మొదటి బహుమతి మన దేశానికి వచ్చింది, తెలుసా? నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ విద్యార్థి పీటర్ ఆల్విన్ గీసిన ‘స్నెయిల్’. నత్తలా గిన్నెకో కప్పుకో పక్కన అతుక్కుని, ఇండక్షన్‌తో లోపలిది వేడి చేసే చిన్న వస్తువు. స్టవ్వు అక్కర్లేదు. పంచదార స్ఫటికాల బ్యాటరీతో నడుస్తుందని ఊహించారు. నాకు ఎంతో నచ్చిన డిజైన్ అది. కప్పు పాలకోసం గిన్నె, స్టవ్వు, పట్టకారు అన్నీ ఎందుకన్న ప్రశ్న అందులో ఉంది.

ఇప్పుడు మీ గైడ్ అడిగిన లెక్క వేద్దాం. గ్లాసు పాలు 200 గ్రాములనుకోండి. 25 డిగ్రీల నుంచి 75 డిగ్రీలకు తేవాలి. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.2 జౌళ్ల శక్తి కావాలి. ఆ లెక్కనే పాలకూ వాడితే 200 ఇంటూ 50 ఇంటూ 4.2, మొత్తం 42,000 జౌళ్లు. అంటే సుమారు 11.7 వాట్ అవర్లు. మీ జేబులోని ఫోన్‌కి 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంటే అందులో పట్టేది సుమారు 19 వాట్ అవర్లు. కాబట్టి ఒక్క గ్లాసు పాలకు ఫోన్ చార్జింగ్‌లో సగానికి పైగా అయిపోతుంది, అదీ వేడి ఏమాత్రం వృథా పోకపోతే. నలుగురున్న ఇంట్లో పొద్దుటి పాలకు దాదాపు రెండున్నర ఫోన్ల చార్జింగ్ కావాలి.

ఈ లెక్క వల్ల స్నెయిల్ విలువ తగ్గదు. ఆ ఊహను ఎటు నడిపించాలో తెలుస్తుంది, అంతే. బ్యాటరీ వదిలేసి వైరు పెడితే? పాలు వదిలేసి, బాలింత గదిలో చిన్న ఉగ్గుగిన్నె వెచ్చగా ఉంచడానికి వాడితే? అప్పుడు కావలసిన శక్తి ఎంతో తగ్గిపోతుంది. గైడ్ అడిగిన లెక్క నుంచే మీకు రెండు కొత్త డిజైన్లు దొరికాయి.

ఇంకో సంగతి. 1959లో మాస్కోలో జరిగిన అమెరికన్ ప్రదర్శనలో వర్ల్‌పూల్ ‘మిరకిల్ కిచెన్’ పెట్టారు. నేల తుడిచే యంత్రం దానంతటదే తిరుగుతుంటే జనం నోళ్లు వెళ్లబెట్టి చూశారు. నిజానికి అద్దం వెనక ఒక మనిషి ఉండి దాన్ని నడిపించాడు. అలాంటివి నిజంగా దుకాణాలకు వచ్చింది 2001లో ట్రైలోబైట్, 2002లో రూంబాతో. నలభై ఏళ్లకు పైగా పట్టింది, ఎందుకంటే ఈలోగా చవకైన సెన్సర్లు రావాలి, చిన్న చిప్‌లు రావాలి. 1959లో ఊహించినవాళ్లది తప్పని నేననను. అద్దం వెనక మనిషి ఉన్నాడని జనానికి చెప్పకపోవడం మాత్రం తప్పు. మీ ప్రాజెక్టులో ఒక పేజీ దానికే కేటాయించండి. నా డిజైన్‌లో ఇప్పటికి లేనిది ఇది, ఇది వస్తే తప్ప ఇది పనిచేయదు అని తేటగా రాయండి. ఎగ్జామినర్‌గా నేనుంటే మొదట ఆ పేజీకే మార్కులు వేస్తాను.

చొక్కాకు పెట్టుకునే ఏఐ పిన్ ఒకటి అమెరికా నుంచి ఫ్రెండ్ తెచ్చాడు. వాడలేదట, 8 వేలకు ఇస్తానంటున్నాడు. తీసుకోనా?
– ఒక పాఠకుడు, కోరమంగళ

అది హ్యూమేన్ కంపెనీ పిన్ అయితే వద్దు. 2024లో 699 డాలర్లకు అమ్మారు. 2025 ఫిబ్రవరిలో కంపెనీ ఆస్తులు హెచ్‌పీ చేతికి వెళ్లాయి, ఆ నెల 28న సర్వర్లు ఆపేశారు. ఆ పిన్ మాట వినాలన్నా జవాబు చెప్పాలన్నా సర్వర్ కావాలి. ఇప్పుడది పనికిరాదు.

ఏ స్మార్ట్ వస్తువు కొనేముందైనా దుకాణంలోనే వైఫై ఆపించి చూడండి. బల్బు స్విచ్‌కి వెలుగుతోందా? తాళం మామూలు తాళంచెవితో తెరుచుకుంటోందా? కొన్నేళ్ల కిందట మా ఇంటి తలుపుకి ఒక స్మార్ట్ తాళం పెట్టించాను. యాప్ అప్‌డేట్ చేసిన మర్నాడు అమ్మ పాల ప్యాకెట్లు పట్టుకుని గంటసేపు మెట్ల మీద కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. తాళం తెరవడమనేది ఇంటర్నెట్‌ను అడిగి చేయాల్సిన పని కాదని నాకు ఆ రోజు అర్థమైంది. ఇప్పుడున్న దానికి తాళంచెవి రంధ్రం ఉంది, ఒక చెవి పక్కింటివాళ్ల దగ్గర ఉంటుంది.

వాడిన నీటినే వడకట్టి మళ్లీ పైనుంచి పోసే షవర్ కాన్సెప్ట్ చూశాను. మాకు వేసవిలో ట్యాంకరే దిక్కు. అలాంటిది పెట్టించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, వర్తూరు

ఊహ గట్టిదే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చెమట, మూత్రంతో సహా నీటిని 98 శాతం వరకు తిరిగి రాబడుతున్నామని నాసా 2023లో ప్రకటించింది. కానీ మీకొచ్చేది ఎక్కువగా బోరు నీళ్లు. మీ కుళాయి మూతికి పట్టిన తెల్లటి పెచ్చు చూడండి, అదే ఆ ఫిల్టర్‌కీ పడుతుంది. దానికి సర్వీసు చేసేవాళ్లు మీ వీధిలో దొరికితే తప్ప నేను పెట్టించమనను. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి అపార్ట్‌మెంట్లకు, హోటళ్లకు, ఆఫీసులకు కుళాయిలకు ఏరేటర్లు బిగించాలని ఆదేశించింది. అది వేలెడంత జల్లెడ, నీటిలో గాలి కలిపి ధారను పలచన చేస్తుంది. కరెంటు అక్కర్లేదు. ముందు అన్ని కుళాయిలకూ అది బిగించండి, నెలకోసారి విప్పి నిమ్మరసంలో నానబెట్టి పెచ్చు వదిలించండి. ఆర్వో నుంచి పోయే నీళ్లను బకెట్‌లో పట్టి నేల తుడవడానికి వాడండి.

మా అబ్బాయి హోస్కోటె దగ్గర ఇల్లు కడుతున్నాడు. ఇటుక పని అయింది, ప్లాస్టరింగ్ ఇంకా కాలేదు. ఇంటీరియర్ డిజైనర్ చూపించిన బొమ్మల్లో గోడల మీద ఒక్క స్విచ్ కూడా లేదు. ‘ఇక ముందంతా వైర్‌లెస్ కరెంటే, ఇన్ని పాయింట్లు దండగ’ అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, కేఆర్ పురం

మీ టెన్షన్ సరైనదే అండీ. దయచేసి పాయింట్లు తగ్గించనివ్వకండి.

2007లో అమెరికాలోని ఎంఐటీ శాస్త్రజ్ఞులు వైరు లేకుండా రెండు మీటర్ల దూరం నుంచి 60 వాట్ల బల్బు వెలిగించారు. గొప్ప ప్రయోగం. కానీ పంపిన శక్తిలో బల్బుకు చేరింది దాదాపు 40 శాతం. అదే లెక్కన మీ 750 వాట్ల మిక్సీ నడవాలంటే 1,875 వాట్లు పంపాలి. రోజూ కొబ్బరి పచ్చడి రుబ్బిన ప్రతిసారీ 1,125 వాట్లు దారిలో పోతాయి. వంటింటి పరికరాలకు ‘కీ’ అనే వైర్‌లెస్ ప్రమాణం వచ్చింది, 2,200 వాట్ల దాకా ఇవ్వగలదు. కానీ పాత్ర సరిగ్గా ఆ శక్తిని పంపే పరికరం బిగించిన బల్ల మీదే కూర్చోవాలి, బల్ల కిందికి మాత్రం గోడలోంచి వైరు రావాల్సిందే. వైర్‌లెస్ వస్తే వైర్లు పోవు, గోడలోంచి ఇంకో చోటికి మారతాయి.

మీ అబ్బాయి ఇల్లు యాభై ఏళ్లుండాలి. ఏ వస్తువు వస్తుందో ఇప్పుడు చెప్పలేం గానీ దానికి దారి ఉంచగలం. ఎలక్ట్రీషియన్‌తో ఇవి చెప్పండి. ప్రతి స్విచ్ బాక్సులోకీ న్యూట్రల్ వైరు లాగించాలి. చాలా ఇళ్లలో స్విచ్ బాక్సుకి ఫేజు ఒక్కటే తెస్తారు, చాలా స్మార్ట్ స్విచ్‌లకు న్యూట్రల్ కూడా కావాలి కాబట్టి తర్వాత అవి పెట్టాలంటే మళ్లీ గోడ పగలగొట్టాల్సి రావచ్చు. ఆ బాక్సులు కూడా లోతుగా ఉండేవి తీసుకోండి. మేడ మీద నుంచి మీటర్ బోర్డుకి ఒక ఖాళీ పైపు సోలార్ కోసం, బోర్డు నుంచి కారు పెట్టే చోటికి ఇంకోటి చార్జర్ కోసం. రెండింట్లోనూ తర్వాత వైర్లు లాగడానికి ఒక తీగ వేసి వదిలేయాలి. హాలు సీలింగ్‌కీ ప్రతి గదికీ లాన్ కేబుల్ పైపు వేయాలి, ఎందుకంటే గోడ దాటితే వైఫై నీరసిస్తుంది. వంటింట్లో ఇండక్షన్‌కి, ఓవెన్‌కి, డిష్‌వాషర్‌కి విడివిడిగా 16 ఆంపియర్ల లైన్లు. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ తప్పనిసరి, కరెంటు లీకైతే క్షణంలో సరఫరా కట్ చేసి షాక్ ప్రాణం మీదికి రాకుండా చూసే స్విచ్ అదే. డిజైనర్ అందం చెడిపోతుందంటే స్విచ్‌లను కబ్బోర్డు చాటుకు జరపమనండి, తీసేయనివ్వొద్దు.

గాడి కొట్టి పైపులు బిగించాక, ప్లాస్టరింగ్ మొదలుపెట్టక ముందు, టేపు పట్టుకుని గదిగదికీ తిరగండి. నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం, టేపు అంకెలు కనిపించేలా ప్రతి గోడనూ వీడియో తీయించండి. దాన్ని మీ ఫోన్‌లోనూ, మీ అబ్బాయి ఫోన్‌లోనూ, ఒక పెన్‌డ్రైవ్‌లోనూ పెట్టి ఇంటి పత్రాల ఫైల్లో ఉంచండి.